ఇంట్లో డేకేర్, వరసగా జ్వరాలు: నెల లెక్క నిలబెట్టుకోవడం ఎలా?

ప్రశ్న: మా ఇంట్లోనే డేకేర్ నడుపుతున్నాను. ఇది రెండో ఏడాది. ఫీజు కట్టే పిల్లలు 5 మంది, మా రెండున్నరేళ్ల పాప ఆరోది. ఎవరు ఎన్ని రోజులు వస్తే అన్ని రోజులకే డబ్బు తీసుకుంటాను. తల్లిదండ్రుల్లో ఇద్దరు నాకు స్నేహితుల్లాంటి వాళ్ళు. గత 4 నెలలుగా ఒకరి తర్వాత ఒకరికి జ్వరం, దగ్గు, విరేచనాలు. పిల్లలు మానేసిన రోజులు అన్నీ కలిపితే 31. నేను మొత్తంగా మూసేసినవి 9 రోజులు. అందులో 6 రోజులు ఒకే విడతలో పోయాయి. ఒక బాబుకి పొద్దున సిరప్ వేసి తెచ్చి దించారు. 11 అయ్యేసరికి ఒళ్ళు కాలిపోయింది. వాళ్ళమ్మ ఆఫీసు నుంచి రాలేనంది, సాయంత్రం దాకా ఉంచుకున్నాను. వారం తిరక్కుండా ముగ్గురు పిల్లలకీ, మా పాపకీ, చివరికి నాకూ వచ్చింది. వచ్చే ఫీజులో మామూలుగా 100కి 30, సాయంగా వచ్చే అమ్మాయి జీతం లాంటి డేకేర్ ఖర్చులకే పోతాయి. మందుల షాపు బిల్లు కూడా చాలా అయింది. ఇల్లు గడవక క్రెడిట్ కార్డు వాడాను, ఇప్పుడు మినిమమ్ మాత్రమే కడుతున్నాను. దుబారా చేశానేమో అనిపిస్తోంది. ఒక ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉంది. దాన్ని తీసి కార్డు కట్టేయాలా? లేక డేకేర్ మూసేసి ఉద్యోగం చూసుకోవాలా?

జవాబు: అమ్మా, ముందుగా ఆ బాబు విషయం. ఆ రోజు ఉంచుకున్నందుకు మిమ్మల్ని మీరు తిట్టుకుంటున్నారని ఉత్తరం చదివితే తెలుస్తోంది. ఫ్లూ లాంటి వైరస్‌లు జ్వరం కనిపించడానికి ఒక రోజు ముందు నుంచే అంటుకుంటాయి. 11 గంటలకే పంపేసినా మిగతా వాళ్ళకి వచ్చి ఉండేదేమో. కాబట్టి ఆ బరువు దించేసుకోండి. డబ్బు లెక్క మాత్రం చూసుకోవాలి. ఆ రోజు నిలుపుకున్నది ఒక పిల్లవాడి ఒక్క రోజు ఫీజు. ఆ తర్వాత 6 రోజుల మూతలో పోయినవి 5 మందివి కలిపి 30 రోజుల ఫీజులు. జ్వరంతో వచ్చిన బిడ్డను వెనక్కి పంపేటప్పుడు "ఇవాళ్టి డబ్బు పోతుందే" అనే టెన్షన్ మీ మనసులో ఉండకూడదు. మీ ఫీజు పద్ధతి మారితే తప్ప ఆ టెన్షన్ పోదు. నేను చెప్పేదంతా దాని చుట్టూనే ఉంటుంది.

మీరిచ్చిన అంకెలతోనే లెక్క వేద్దాం. నెలకు 22 పనిదినాలు అనుకుంటే 4 నెలలకు 88. ఐదుగురికి 440 రోజుల ఫీజు రావాలి. మూసేసిన 9 రోజులకు 45, పిల్లలు మానేసినవి 31, మొత్తం 76 పోయాయి. అంటే 17 శాతం పైనే. ఇంకోలా చెప్పాలంటే మీరు 4 నెలలు కష్టపడి 3 నెలల 7 రోజుల ఫీజు తీసుకున్నారు. అసలు దెబ్బ ఇంతకన్నా పెద్దది. సాయంగా వచ్చే అమ్మాయి జీతం, కరెంటు, సబ్బులు, బొమ్మలు, వీటికి 100లో అయ్యే ఆ 30 మాత్రం, పిల్లలు రాకపోయినా తగ్గలేదు. మామూలు నెలలో మీ చేతికి 70 వస్తే ఈ నెలల్లో 53 కూడా సరిగ్గా మిగల్లేదు. ఫీజు ఆరో వంతు తగ్గితే ఇంటికొచ్చే డబ్బు దాదాపు నాలుగో వంతు తగ్గింది. కార్డు ఎందుకు పెరిగిందో ఇక్కడే ఉంది. దుబారా చేశానేమో అని మీరు రాసిన మాట నిజం కాదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. మీరు జబ్బులను అనుకోని ఆపదలా చూస్తున్నారు. చిన్నపిల్లలకు ఏడాదికి 6 నుంచి 8 సార్లు జలుబు చేయడం మామూలే. పదిమందితో కలిసి పెరిగే పిల్లలకు ఇంకా ఎక్కువసార్లు వస్తుంది. జలుబు తెచ్చే వైరస్‌లు 200కు పైగా ఉన్నాయి, ఒకటి వచ్చి పోయినంత మాత్రాన రెండోది రాకుండా ఆగదు. ఈ వయసు పిల్లల్ని చూసుకునే ఇంట్లో జబ్బు అద్దెలాగా, కరెంటు బిల్లులాగా ఉండే ఖర్చు. ఏ నెలలో ఎంత వస్తుందో తెలియదు కానీ ఏడాదికి వచ్చి తీరుతుందని తెలుసు. అలాంటి ఖర్చును ముందే ఫీజులో కలపాలి, నెలనెలా పక్కన పెట్టాలి.

ముందు ఫీజు. రోజు లెక్క మానేసి నెల లెక్కకు రండి. మీరు అమ్ముతున్నది ఆ బిడ్డ కోసం ఖాళీగా ఉంచే చోటు. వాడు రాకపోయినా ఆ చోటులో ఇంకొకరిని కూర్చోబెట్టలేరు కదా. బడికి నాలుగు రోజులు మానేస్తే ఫీజు తగ్గించమని ఎవరూ అడగరు. పిల్లలు మానేసిన రోజులకు ఫీజు తగ్గదని రాయండి. అటు వైపు న్యాయం కూడా ఉండాలి. మీరు మూసేస్తే తల్లిదండ్రులకు సెలవు పెట్టుకోవడమో, వేరే ఏర్పాటు చేసుకోవడమో తప్పదు, ఆ నష్టం వాళ్ళది. అందుకే ఏడాదికి 10 రోజుల వరకు మీరు మూసే రోజులు ఫీజులోనే కలిసి ఉంటాయని, 11వ రోజు నుంచి రోజుకింత చొప్పున వెనక్కి ఇస్తానని చెప్పండి. ఏడాది మొత్తం 15 రోజులు మూయాల్సి వచ్చిందనుకుందాం. మీకు పోయేది 5 రోజులు, ఐదుగురికి 25 ఫీజులు. ఏడాదికి రావాల్సిన 1,320లో అది 2 శాతం లోపే. 17 ఎక్కడ, 2 ఎక్కడ!

ఈ మాట తల్లిదండ్రులకు చెప్పడం మీకు కష్టంగా ఉంటుందని నాకు తెలుసు. వాళ్ళలో ఇద్దరు స్నేహితుల్లాంటి వాళ్ళని రాశారు. గేటు దగ్గర బిడ్డను అందుకుంటూ చెప్పే విషయం కాదిది. ఒక నెల ముందుగా, అందరికీ ఒకే రోజు, ఒకే కాగితం ఇవ్వండి. ఇలా రాయొచ్చు: "వచ్చే నెల నుంచి ఫీజు నెలకు ఇంత, ప్రతి నెలా 1వ తేదీకి. పిల్లలు రాని రోజులకు ఫీజు తగ్గదు. నా వైపు నుంచి ఏడాదికి 10 రోజులు దాటి మూస్తే ఆ పై రోజులకు డబ్బు తిరిగి ఇస్తాను. జ్వరం వచ్చిన బిడ్డను, మందు వేయకుండా 24 గంటలు జ్వరం లేకుండా ఉన్నాకే తీసుకుంటాను. వాంతులు, విరేచనాలు అయితే చివరిసారి అయ్యాక 48 గంటలు ఆగాలి. మధ్యలో జ్వరం వస్తే ఫోన్ చేస్తాను, గంటలో ఎవరో ఒకరు వచ్చి తీసుకెళ్ళాలి. మీరు రాలేకపోతే ఎవరొస్తారో ఇప్పుడే పేరు, నంబరు ఇవ్వండి." ఆ చివరి వాక్యం తప్పక ఉండాలి. ఆ రోజు బాబు వాళ్ళమ్మ రాలేనన్నప్పుడు మీ దగ్గర రెండో నంబరు లేదు.

"మందు వేయకుండా" అన్న మాట కింద గీత గీయండి. జ్వరం సిరప్ ప్రభావం 4 నుంచి 6 గంటలే ఉంటుంది. పొద్దున 7కి వేస్తే 11కి మళ్ళీ ఒళ్ళు వెచ్చబడటంలో వింత లేదు. ఆటలమ్మ అయితే పొక్కులన్నీ ఎండి చెక్కు కట్టేదాకా ఆగాలి. ముక్కు కారుతున్నా బిడ్డ హుషారుగా ఆడుకుంటూ, తింటూ ఉంటే మాత్రం వెనక్కి పంపకండి. ప్రతి తుమ్ముకీ పంపేస్తే తల్లిదండ్రుల ఉద్యోగాలు నిలవవు, మీ సీట్లూ నిలవవు. పైగా జలుబు పైకి కనిపించకముందే అంటుకోవడం మొదలై ఉండొచ్చు.

ఇక డబ్బు చేతికి వచ్చాక. డేకేర్ ఫీజు కోసం విడిగా ఒక బ్యాంకు ఖాతా తెరవండి. ఫీజు మొత్తం అందులోనే పడాలి. 100 వస్తే 30 డేకేర్ ఖర్చులకు ఉంచండి, 10 జబ్బుల కోసం పక్కన పెట్టండి, 60 ప్రతి నెలా ఒకే తేదీన మీ జీతంలా ఇంటి ఖాతాకు పంపుకోండి. మంచి నెలలో 70 వచ్చేది, ఇప్పుడు 60 ఏమిటి అనిపిస్తుంది. చెడ్డ నెలలో 53 కూడా రాలేదని గుర్తు పెట్టుకోండి. ఇల్లు 60 మీద నడవడం నేర్చుకుంటే జ్వరాల నెలలోనూ ఆ 60 వస్తుంది. పక్కన పెట్టే 10 పది నెలలు తిరిగేసరికి ఒక నెల ఫీజు అంత అవుతుంది. అక్కడ ఆపేసి, ఖర్చయినప్పుడల్లా మళ్ళీ నింపుకుంటూ పోతే చాలు. తిరిగివ్వాల్సిన ఫీజులు, పాప డాక్టరు ఖర్చు, మీరు పడుకున్న రోజున వచ్చే మనిషి కూలి, అన్నీ ఇందులోంచే. చాలా ఆరోగ్య బీమా పాలసీలు ఆసుపత్రిలో చేరితేనే డబ్బిస్తాయి, జలుబుకీ జ్వరానికీ డాక్టరు దగ్గరికి వెళ్ళిన ఖర్చు మన జేబులోదే. అలాగని బీమా వద్దనుకోకండి, ఆసుపత్రి ఖర్చును ఈ 10 మోయలేదు. ఇంటి బీమా ఉంటే ఇంట్లో నడిపే వ్యాపారానికి అది వర్తిస్తుందో లేదో పాలసీ కాగితంలో చూడండి. చాలా పాలసీలు విడిగా అడిగితే తప్ప ఇవ్వవు.

మీరు పడుకున్న రోజున వచ్చే మనిషి అన్నాను. మీ 9 మూతల్లో కనీసం కొన్నైనా, ఇంకొక పెద్దమనిషి ఉంటే తప్పేవి. పిల్లలకు ముఖపరిచయం ఉన్న, తల్లిదండ్రులు సరేనన్న ఒకరిని ఇప్పుడే చూసుకోండి. మీ దగ్గరి నిబంధనలు ఒప్పుకుంటాయో లేదో కనుక్కోండి. అందరూ బాగున్న నెలలో రెండు పూటలు పిలిచి, డబ్బిచ్చి, మీ పక్కనే పని చేయించండి. ఒక మనిషి ఒక రోజు కూలి ఐదుగురి ఒక రోజు ఫీజు కన్నా తక్కువే ఉంటుంది. పాపకు వాంతులో, ఎక్కువ జ్వరమో ఉన్నప్పుడు మాత్రం మనిషి దొరికినా మూయడమే మంచిది, అదే ఇంట్లో మిగతా పిల్లలు ఉంటారు కాబట్టి.

మందుల షాపు బిల్లు చాలా అయిందన్నారు. ఇక్కడ రెండు మాటలు. వైరస్ జలుబుకు యాంటీబయాటిక్ పనిచేయదు, దాన్ని అడిగి రాయించుకోకండి. దగ్గు, జలుబు సిరప్‌లు ఈ వయసులో పెద్దగా మేలు చేయవు, 2 ఏళ్ల లోపు వాళ్ళకు ప్రమాదం కూడా. డాక్టరు చెప్పనిదే కొనకండి. డబ్బు చూసుకోకూడని చోటు కూడా ఉంది. మీ దగ్గరున్న ఏ బిడ్డకైనా ఊపిరి వేగంగా, కష్టంగా ఆడుతున్నా, మత్తుగా పడి ఉన్నా, గంటల తరబడి మూత్రం పోకపోయినా, 3 నెలల లోపు పసికందుకు 38 డిగ్రీల సెల్సియస్ జ్వరం వచ్చినా వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సిందే. తల్లిదండ్రులు వచ్చేదాకా ఆగొద్దు, ఫోన్ చేస్తూనే బయల్దేరండి. సబ్బు దగ్గర కూడా పొదుపు వద్దు. తినేముందు, డైపర్ మార్చాక, బయటి నుంచి రాగానే 20 సెకన్లు సబ్బుతో, నీళ్ళతో చేతులు కడగాలి. వాంతులు, విరేచనాలు తెచ్చే నోరోవైరస్ శానిటైజర్‌కు సరిగా లొంగదు.

కార్డు సంగతి. అవును, డిపాజిట్ తీసి కట్టేయండి. గడువుకు ముందు తీస్తే వడ్డీ కొంత తగ్గుతుంది, దాని గురించి బాధపడకండి. డిపాజిట్ మీద మీకొచ్చే వడ్డీకీ, కార్డు మీ దగ్గర గుంజే వడ్డీకీ పోలికే లేదు. మినిమమ్ కడుతున్నంత కాలం మీ డబ్బులో చాలా భాగం వడ్డీకే పోతుంది, అసలు కదలదు. అయితే డిపాజిట్ మొత్తం కార్డుకే పోయకండి. ఒక నెల ఇంటి ఖర్చంత మిగిల్చి, జబ్బుల కోసం పక్కన పెట్టే డబ్బులో కలపండి. లేకపోతే వచ్చే నెల ఇంకో జ్వరానికి మళ్ళీ కార్డే తీస్తారు. అలా మిగిల్చినందువల్ల కార్డు పూర్తిగా తీరకపోతే, మిగిలినదాన్ని 4, 5 నెలల్లో తీరేలా కిస్తీ పెట్టుకోండి. ఈలోగా కార్డును బీరువాలో పెట్టేయండి.

మూసేయాలా అన్నారు. ఇప్పుడు ఆ నిర్ణయం తీసుకోకండి. గుంపులో చేరిన మొదటి ఏడాది, రెండో ఏడాదే పిల్లలకు జబ్బులు ఎక్కువ. చిన్నప్పుడే పెద్ద గుంపుల్లో కలిసి పెరిగిన పిల్లలు బడికెళ్ళే వయసులో తక్కువసార్లు జలుబు పడతారని కొన్ని పరిశోధనల్లో తేలింది. మీ పాపకూ అలాగే జరగొచ్చు. కొత్త బిడ్డ చేరిన ప్రతిసారీ వరస మళ్ళీ మొదలవుతుంది కాబట్టి ఒకే నెలలో ఇద్దరిని చేర్చుకోకండి. టీకాల కార్డు చూడందే ఎవరినీ చేర్చుకోవద్దు. మీరూ, పాపా ఏటా ఫ్లూ టీకా వేయించుకోవడం గురించి డాక్టరును అడగండి. ఉద్యోగంలో చేరితే జీతం నిలకడగా వస్తుంది, నిజమే. కానీ పాపను అప్పుడు ఇంకొకరి డేకేర్‌లో దించాలి, అక్కడి జ్వరాలకు మీరే సెలవులు పెట్టాలి. ఆ ఖర్చు, ఆ సెలవులు తీసేసి చూశాక ఏం మిగులుతుందో ఈ 60 పక్కన పెట్టి పోల్చండి.

ఒక నోట్‌బుక్ తీసుకుని ఇవాళ్టి నుంచి రోజూ మూడు విషయాలు రాయండి: ఎవరు రాలేదు, ఎందుకు రాలేదు, మీరు మూశారా లేదా. 6 నెలలు అయ్యాక ఆ పేజీలు నాకు పంపండి. 10 రోజుల హద్దు సరిపోతుందో లేదో, ఫీజు ఎంత పెంచాలో అప్పుడు మీ సొంత అంకెలతో మళ్ళీ చూద్దాం.