ర్యాకులు దిగాయి, డబ్బులు రాలేదు

ప్రశ్న: సార్, జీడిమెట్లలో మాకో చిన్న షెడ్డుంది. నేనూ మా ఆయనా ఇనుప ర్యాకులు, ఫైళ్ల బీరువాలు తయారు చేస్తాం. ఏడాది క్రితం, ప్రభుత్వ ఆఫీసులు ఆన్‌లైన్‌లో సరుకు కొనే కేంద్ర ప్రభుత్వ జెమ్ పోర్టల్‌లో చేరాం. ఏడు బిడ్లు వేస్తే ఆరింటిని రేటు చూడకముందే, కాగితాలు చూసే టెక్నికల్ దశలోనే తీసేశారు. ఒక్కటి వచ్చింది. మార్చి 24న ఆ ఆఫీసులో 18 ర్యాకులు దించాం. జూన్ వచ్చినా డబ్బులు పడలేదు. లోపల తెలిసినవాళ్లు లేకపోతే ఇంతేనని మా మామయ్యగారు అంటున్నారు. 35 వేలిస్తే ఆర్డర్లు గ్యారంటీ అని ఒక ఏజెంటు రోజూ ఫోన్ చేస్తున్నాడు. టెన్షన్‌గా ఉంది. కాగితాలన్నీ జత చేశాను. – ఒక పాఠకురాలు, జీడిమెట్ల

జవాబు: అమ్మా, ముందు ఆ ఏజెంటు నంబరు బ్లాక్ చేయండి. బిడ్‌లో ఆర్డరు గ్యారంటీ ఇవ్వడం ఎవరి తరమూ కాదు.

మీ మామయ్యగారి మాట పూర్తిగా కొట్టిపారేయను. నేను 31 ఏళ్లు కొనే వైపు కూర్చున్నవాణ్ణి, స్టోర్స్‌లో. ఒకే కంపెనీకి సరిపోయేలా కొలతలు రాసిన ఇండెంట్లు (కొనుగోలు ప్రతిపాదనలు) నా టేబుల్ మీదకీ వచ్చాయి. కానీ నేను చూసినంతలో చిన్నవాళ్లు ఎక్కువగా ఓడిపోయింది కాగితాల దగ్గరే. కవరు టెండర్ల రోజుల్లో బాలానగర్ నుంచి ఒక పెద్దాయన వచ్చేవారు. ఆయన పని మాకు తెలుసు, వంక పెట్టడానికి ఉండదు. ఒకసారి ఈఎండీ (టెండరుతో పాటు కట్టే ధరావతు) డీడీ వేరే ఆఫీసరు హోదా పేరు మీద తీశారు. రేటు కవరు విప్పలేదు. లక్క సీలు పగలని ఆ కవరు వెనక్కి తీసుకుని, జేబులోంచి కళ్లజోడు తీసి, డీడీని అక్కడే మళ్లీ చదువుకున్నారు. ఇప్పుడు లక్క లేదు, అంతే తేడా.

మీ ఆరు బిడ్లూ చదివాను. నాలుగింట్లో కారణం ఒకటే: అనుభవం, టర్నోవర్ కాగితాలు లేవు. ప్రతి బిడ్ మొదటి పేజీల్లోనే ఎంఎస్ఈలకు, అంటే సూక్ష్మ, చిన్న సంస్థలకు, ఈ రెండింటి నుంచి మినహాయింపు ఉందా లేదా అని ఒక వరుస ఉంటుంది. రెండింట్లో 'లేదు' అనే ఉంది. వాటి జోలికి వెళ్లాల్సింది కాదు. మిగతా రెండింట్లో 'ఉంది'. అయినా ఎందుకు పోయాయో మీ ఉద్యమ్ సర్టిఫికెట్ (చిన్న సంస్థల రిజిస్ట్రేషన్ కాగితం) చూస్తే అర్థమైంది. అందులో 'ట్రేడింగ్' అని ఉంది! వెల్డింగ్ చేసి, పెయింట్ వేసి అమ్మేవాళ్లు ట్రేడర్లు ఎలా అవుతారు? నింపినవాడెవడో తొందరలో నొక్కేశాడు. ప్రభుత్వ కొనుగోళ్లలో ఎంఎస్ఈలకిచ్చే సౌకర్యాలు తయారీదార్లకీ, సర్వీసులిచ్చేవాళ్లకీ మాత్రమే, ట్రేడర్లకు లేవు. ఉద్యమ్ పోర్టల్‌లో మీరే మార్చుకోవచ్చు, పైసా ఖర్చు లేదు.

ఆ ఒక్క మాట మారితే ఈఎండీ కట్టక్కర్లేదు. ఎల్1 (అందరికన్నా తక్కువ రేటు వేసినవాళ్లు) ఎంఎస్ఈ కాకపోతే, మీ రేటు వాళ్లకంటే 15 శాతం లోపు ఎక్కువగా ఉన్నా, వాళ్ల రేటుకు దిగితే, విడగొట్టగలిగిన ఆర్డరులో కనీసం 25 శాతం మీలాంటి ఎంఎస్ఈలకివ్వాలని 2012 నాటి కొనుగోలు విధానం చెబుతోంది. అందులోనే మహిళల సంస్థలకు 3 శాతం లక్ష్యమూ ఉంది. షెడ్డు ఎవరి పేరు మీద ఉందో మీరు రాయలేదు.

ఐదోది, లోడ్ టెస్ట్ సర్టిఫికెట్. కొనేవాళ్లు విడిగా జోడించిన షరతుల్లో, తొమ్మిదో పేజీలో అడిగారు. అంతదాకా ఎవరూ చదవరని వాళ్లకూ తెలుసు. ఆరోదాన్ని ఎందుకు తీసేశారో నాకూ అంతుపట్టలేదు. ఇలాంటప్పుడు పోర్టల్‌లోనే అభ్యంతరం చెప్పొచ్చు. గడువు తక్కువ, ఆ రోజే రాయాలి.

ఇక డబ్బుల సంగతి. సరుకు తీసుకున్న అధికారి పోర్టల్‌లో సీఆర్ఏసీ అనే అంగీకార పత్రం ఇస్తేనే బిల్లు కదులుతుంది. డెలివరీ అయిన 10 రోజుల్లో అది ఇవ్వాలి, ఆపైన 10 రోజుల్లో డబ్బు. మీ ఆర్డరులో సీఆర్ఏసీ గడి ఖాళీగా ఉంది. మార్చి 31 దాటితే ఆ ఏడాది బడ్జెట్ మురిగిపోతుంది, బిల్లు కొత్త ఏడాది పద్దులోకి వెళ్తుంది, దాన్ని నెత్తికెత్తుకునేవాడు ఉండడు. మార్చి నెలాఖరులో ర్యాకులు దించినరోజు స్టోర్‌కీపర్ చలాన్ మీద సంతకం పెట్టి "అయిపోయిందమ్మా" అని ఉంటాడు. నేనూ అలా అన్నవాణ్ణే.

ఈ వారంలో మీ ఆయన్ని చలాన్, ఇన్వాయిస్ కాపీలతో పంపండి. బిల్లు ఏదని అడగొద్దు, "సీఆర్ఏసీ ఎవరి లాగిన్‌లో ఆగింది" అని అడగమనండి. ఆ అధికారి బదిలీ అయి ఉంటే ఆ లాగిన్ ఎవరూ తెరవరు. తిరిగొచ్చాక ఒక ఉత్తరం పెట్టండి: 15 రోజుల్లోపు రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పలేదు కాబట్టి 2006 ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం డెలివరీ రోజే సరుకు అంగీకరించినట్టు, 45 రోజులు దాటితే ఆర్‌బీఐ బ్యాంక్ రేటుకు మూడింతలు చక్రవడ్డీ అని. గొడవ పెట్టుకుంటున్నట్టు కాకుండా మర్యాదగానే రాయండి. అప్పటికీ కదలకపోతే చిన్న సంస్థల బకాయిల గొడవలు తేల్చే ఫెసిలిటేషన్ కౌన్సిల్ ఉండనే ఉంది. ఉద్యమ్ దిద్దుబాటు మాత్రం ఆ లోపే చేసుకోండి, అక్కడ కూడా ట్రేడింగ్ అన్న మాట అడ్డొస్తుంది.

ప్రశ్న: మా అబ్బాయి వర్జీనియాలో చిన్న కంపెనీ పెట్టాడు. అక్కడి ఫెడరల్ ప్రభుత్వానికి సర్వీసులు అమ్మాలని ప్రయత్నం. శామ్ (ఆ ప్రభుత్వానికి అమ్మేవాళ్లు చేరే పోర్టల్) రిజిస్ట్రేషన్ రెన్యూవల్‌కి 599 డాలర్లు కట్టమని మెయిల్ వచ్చిందట. కట్టమంటారా? – ఒక తండ్రి, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: వద్దండీ. శామ్ డాట్ గవ్‌లో చేరడం ఉచితం, ఏటా రెన్యూ చేసుకోవడం ఉచితం, 2022 ఏప్రిల్ నుంచి డన్స్ నంబరుకు బదులుగా ఇస్తున్న కంపెనీ గుర్తింపు నంబరు యూఈఐ కూడా ఉచితమే. ఆ మెయిల్ ఎవరో మధ్యవర్తిది, అడ్రసు చివర 'డాట్ గవ్' ఉందేమో చూడమనండి. రెన్యూవల్ తేదీ మాత్రం దాటనివ్వొద్దు, ఆ రిజిస్ట్రేషన్ బతికి లేకపోతే కాంట్రాక్టు రాదు. సందేహాలుంటే అపెక్స్ యాక్సిలరేటర్ అని అక్కడ సలహా కేంద్రాలున్నాయి, చాలావరకు ఫీజు లేకుండానే చెబుతారు. జీడిమెట్ల అమ్మాయికి ఫోన్ చేసేవాడి అన్నదమ్ములు అక్కడా ఉన్నారన్నమాట, కాకపోతే డాలర్లలో అడుగుతారు.