ఫాస్టింగ్ బాగుంది, మూడు నెలల షుగర్ మాత్రం 8 దాటింది. ఏది నమ్మాలి?

మీ అంకెలు చూడగానే మూడేళ్ల కిందటి నా రిపోర్టే గుర్తొచ్చిందండి. మీకు ఫాస్టింగ్ 108, తిన్నాక 146, హెచ్‌బీఏ1సీ (అదే, మూడు నెలల షుగర్) మాత్రం 8.1. ల్యాబ్ తప్పా, ఇంట్లో మీటర్ తప్పా అని అడిగారు. చివర్లో మాటవరసకి అన్నట్టు హిమోగ్లోబిన్ తక్కువుంది, 9.6 అని రాశారు చూడండి, అసలు సంగతి అక్కడే ఉందేమోనని నా అనుమానం.

నాకు 46. షుగర్ వచ్చి తొమ్మిదేళ్లు. మాది అనంతపురం, ఇప్పుడు బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాం. అప్పట్లో నా ఫాస్టింగ్ 115 దాటేది కాదు. హెచ్‌బీఏ1సీ 8.3 వచ్చింది, దాని కిందే సగటు గ్లూకోజ్ 192 అని. ఆ 192 ఎవరూ కొలిచింది కాదు. 8.3ని 28.7తో గుణించి, అందులోంచి 46.7 తీసేస్తే వచ్చే లెక్క, అంతే. అది తెలియక నేను హడలిపోయాను. అప్పటి డాక్టరు కూడా ఆ ఒక్క అంకె చూసి షుగర్ తగ్గించే గ్లిమెపిరైడ్ మాత్ర డోసు పెంచేశారు.

పది రోజులకి, ఆఫీసు నుంచి వస్తుంటే సిల్క్ బోర్డు దగ్గర బస్సు కదలదు. ఒళ్లంతా చెమట, చేతులు వణుకు. బ్యాగులోంచి మీటర్ తీసి గుచ్చుకుంటే 58. పక్క సీటులో కన్నడావిడ ఏమీ అడక్కుండా పిల్లాడి కోసం కొన్న మామిడి జ్యూసు ప్యాకెట్‌కి స్ట్రా గుచ్చి నా చేతిలో పెట్టింది. పిల్లాడు నా వంకే గుడ్లప్పగించి చూస్తున్నాడు. నేను మాత్రం ఒక్క చుక్క మిగల్చలేదు.

తర్వాత ఇంకో డాక్టర్ దగ్గరికి వెళ్లాను. ఆయన షుగర్ కాగితం పక్కన పెట్టేసి, "సీబీసీ ఏదమ్మా?" అన్నారు, అంటే రక్తకణాల లెక్క చెప్పే పరీక్ష. హిమోగ్లోబిన్ 9.2, ఎర్రకణాల సైజు చెప్పే ఎంసీవీ 68. ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పే ఫెరిటిన్ చేయిస్తే 6. మూడూ తక్కువే. రెండేళ్లుగా నెలసరిలో బాగా రక్తం పోతోంది, వయసు వల్లలే అని ఊరుకున్నాను. ఆయన చెప్పిందేమిటంటే, హెచ్‌బీఏ1సీ కొలిచేది ఎర్రకణాలకి అంటుకున్న చక్కెరని. ఆ కణం దాదాపు 120 రోజులు బతుకుతుంది. ఐరన్ లేకపోతే కొత్త కణాలు సరిగా పుట్టవు, ఒంట్లో పాతవే ఎక్కువగా తిరుగుతుంటాయి. ఎన్నాళ్లు తిరిగితే అంత చక్కెర పడుతుంది, అంకె ఉన్నదానికంటే పెరిగి కనిపిస్తుంది. ఈమధ్య రక్తం ఎక్కించుకున్నా, కణాలు త్వరగా విరిగిపోయే జబ్బున్నా దీనికి విరుద్ధంగా తగ్గి కనిపించొచ్చట. ఇంటికొచ్చే కలెక్షన్ అబ్బాయి ఊదా మూత గొట్టంలోకి తీసే రక్తంతోనే సీబీసీ, హెచ్‌బీఏ1సీ రెండూ చేస్తారు. అంటే జవాబు కూడా అదే గొట్టంలో ఉంది, చూసినవాళ్లే లేరు.

అలాగని తప్పంతా ఐరన్ మీదకి తోసేయకండి, నేను తోయబోయి దొరికిపోయాను. డాక్టర్ మూడు రోజులపాటు రోజుకి ఏడుసార్లు చూసుకోమన్నారు. మధ్యాహ్నం భోజనం మొదలుపెట్టిన రెండు గంటలకి మూడు రోజులూ 190 పైనే! ల్యాబ్ అబ్బాయి పొద్దున్నే వస్తాడు కాబట్టి మనకి తెలిసేది ఫాస్టింగూ, ఇడ్లీ తర్వాతి షుగరూ మాత్రమే. క్యాంటీన్లో రెండోసారి పెట్టించుకున్న సాంబారన్నం ఏ రిపోర్టులోనూ ఉండదు. ఇంకోటి, రెండు గంటలు లెక్కపెట్టాల్సింది మొదటి ముద్ద నుంచి, చెయ్యి కడుక్కున్నప్పటి నుంచి కాదు.

ఐరన్ మొదలుపెట్టిన ఆరు వారాలకి ఆగలేక హెచ్‌బీఏ1సీ చేయించాను. 6.6! సంబరంగా మైసూర్‌పాక్ కొన్నాను (ఒక్క ముక్కేనండీ). డాక్టర్ నవ్వారు. కొత్త కణాలు ఒక్కసారిగా పుట్టుకొచ్చాయి, వాటికింకా చక్కెర పట్టే టైమే లేదు, ఈ అంకే నమ్మొద్దన్నారు. హిమోగ్లోబిన్ 12కి చేరి, ఇంకో నాలుగు నెలలు గడిచాక 7.2 వచ్చింది. అదీ నా అసలు లెక్క. అందులో మధ్యాహ్నం అన్నం తగ్గించడం వల్ల ఎంత, ఐరన్ వల్ల ఎంత అంటే విడదీసి చెప్పలేను.

మీ మీటర్ సంగతంటారా, ల్యాబ్‌తో పోలిస్తే 15 శాతం దాకా అటూ ఇటూ ఉండటం మామూలే. 108కీ 120కీ మధ్య తేడా పట్టుకుని బుర్ర పాడుచేసుకోకండి.

సీబీసీ కాగితం తీసుకెళ్లి ఫెరిటిన్ చూద్దామా అని డాక్టర్ని అడగండి. కావాలంటే ఫ్రక్టోసమీన్ అని ఇంకో పరీక్ష ఉంది, అది రెండు మూడు వారాల షుగర్ చెబుతుంది, హిమోగ్లోబిన్‌తో దానికి పని లేదు. మెట్‌ఫార్మిన్ ఏళ్లుగా వేసుకుంటుంటే బీ12 విటమిన్ కూడా చూపించుకోండి. అప్పటిదాకా షుగర్ మాత్ర మీ అంతట మీరు పెంచొద్దు, మానొద్దు. మీరు ఆడవారో మగవారో రాయలేదు. మగవారైనా, నెలసరి ఆగిన ఆడవారైనా ఐరన్ తక్కువుంటే మాత్రలు మింగేసి ఊరుకోకూడదు. కడుపులో, పేగుల్లో ఎక్కడైనా రక్తం పోతోందేమో వెతకాలి.

ఐరన్ రాస్తే మాత్రం కాఫీకి, మాత్రకి మధ్య కనీసం గంట ఎడం ఉంచండి. బెంగళూరులో ఉంటూ అది పాటించడమే నాకు అన్నిటికంటే కష్టమైంది.