యాత్రా సందేహాలు: జీపులో మనాంగ్, మూడో రోజే కనుమ?

ప్రశ్న: నాకు యాభై నాలుగేళ్లు, మావారికి యాభై ఎనిమిది. నేపాల్‌లో అన్నపూర్ణ పర్వతాల చుట్టూ నడిచి, థోరాంగ్ లా కనుమ దాటి ముక్తినాథుణ్ణి దర్శించుకోవాలని మా కోరిక. రోజూ ఉదయం గోదావరి గట్టు మీద గంటన్నర నడుస్తాము. మావారు బీపీకి మాత్రలు వాడుతున్నారు. అక్టోబరులో తీసుకువెళ్తామన్న ట్రావెల్ ఏజెంటు బేసిసహర్ నుంచి మనాంగ్ దాకా జీపులో చేర్చి, మూడో రోజునే కనుమ దాటిస్తామంటున్నారు. నడక అలవాటున్న మాకు ఇది సరిపోతుందా? ముందుగా మాత్రలు వేసుకుంటే చాలునా?
- ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: సరిపోదు. మీ నడక మీద నాకు సందేహం లేదు, సందేహమంతా ఆ జీపు మీదనే. బేసిసహర్ సముద్రమట్టానికి సుమారు 760 మీటర్ల ఎత్తులోను, మనాంగ్ 3,540 మీటర్ల ఎత్తులోను ఉన్నాయి. థోరాంగ్ లా ఎత్తు 5,416 మీటర్లు. అంత ఎత్తున గాలి పీడనం మన తీరప్రాంతంలో ఉండేదానిలో దాదాపు సగమే కనుక, పీల్చే ప్రతి శ్వాసలోను అందే ప్రాణవాయువు ఆ మేరకు తగ్గిపోతుంది. ఈ కొరతకు శరీరం అలవాటు పడడానికి రోజులు పడుతుంది. కాళ్లలో ఎంత సత్తువ ఉన్నా ఆ రోజులు తగ్గవు. పైగా చురుగ్గా నడిచే ఆరోగ్యవంతులే తొందరపడి పైకి వెళ్లి జబ్బుపడడం కొండదారుల్లో తరచుగా జరిగేదే.

3,000 మీటర్లు దాటిన తరువాత రాత్రి నిద్రించే చోటు ముందు రోజుకన్న 500 మీటర్లకు మించి ఎత్తు ఉండకూడదని, మూడు నాలుగు రోజులకొకసారి ఎత్తు పెంచకుండా ఆగాలని పర్వత వైద్యులు చెబుతారు. మీ ఏజెంటు లెక్కలో మనాంగ్‌లో ఒక రాత్రి, 4,450 మీటర్ల దగ్గరున్న థోరాంగ్ ఫేదీలో ఒక రాత్రి, మర్నాడు కనుమ. ఇది ఆ నియమాన్ని పూర్తిగా పక్కన పెట్టడమే.

జీపు ఎక్కదలచుకుంటే చామే వరకే ఎక్కండి. అది 2,670 మీటర్లు. మరునాడు ఎగువ పిసాంగ్, ఆపైన ఘ్యారు మీదుగా ఙవల్, తరువాత మనాంగ్. నదిని ఆనుకొని చదునుగా సాగే కింది దారి కూడా మనాంగ్‌కే చేరుస్తుంది కానీ, నా ఓటు పై దారికే. ఘ్యారు ఊరికి మలుపులు తిరుగుతూ నిట్టనిలువుగా ఎక్కాలి, ఆయాసం తప్పదు. అయితే ఎదురుగా రెండో అన్నపూర్ణ శిఖరం కనిపిస్తుంది, ఙవల్‌లో పడుకునే రాత్రి మనాంగ్ కన్న కొంచెం ఎత్తులోనే గడుస్తుంది కనుక శరీరానికీ మేలు. మనాంగ్‌లో తప్పనిసరిగా రెండు రాత్రులు ఉండండి, పగలు పైకి నడిచి సాయంత్రానికి దిగిరండి. సీజనులో అక్కడి హిమాలయన్ రెస్క్యూ అసోసియేషన్ కేంద్రంలో వైద్యులు ఎత్తు వల్ల వచ్చే జబ్బుల గురించి నడిచేవారికి వివరిస్తారు, ఇద్దరూ వెళ్లి వినండి. ఆ తరువాత యాక్ ఖర్కా, ఫేదీ. ఇలా వెళ్తే చామే చేరిన రోజుతో కలిపి ఎనిమిదో రోజున కనుమ దాటుతారు.

మాత్రల విషయం. డయామాక్స్ పేరుతో దొరికే అసిటజోలమైడ్ శరీరం సర్దుకునే పనిని వేగిరపరుస్తుందే తప్ప, ఆ రోజులకు బదులు కాదు. సల్ఫా మందులు పడనివారికి ఇబ్బంది కలగవచ్చు, బీపీ మాత్రల్లో మూత్రం ఎక్కువ చేసేవి కూడా ఉంటాయి కాబట్టి, మీవారు తమ డాక్టరును అడగకుండా దాన్ని ముట్టుకోకూడదు. తలనొప్పితో పాటు వికారం, ఆకలి లేకపోవడం ఉంటే ఇక ఎక్కడం ఆపేయండి. మడమను రెండో పాదం వేళ్లకు ఆనించి నిటారు గీత మీద నడవమన్నప్పుడు మనిషి తూలినా, కూర్చున్నచోటనే ఆయాసం వస్తున్నా, తెల్లవారేదాకా ఆగకుండా కిందికి దించాలి.

కనుమ దాటిన రోజే ముక్తినాథ్ వైపు సుమారు 1,600 మీటర్లు దిగాలి. మోకాళ్లకు అసలు పరీక్ష అదే. గోదావరి గట్టు చదునైనది, అక్కడి నడక దీనికి చాలదు. బయలుదేరేలోపు మెట్లున్న కొండ ఏదైనా ఎక్కి దిగుతూ ఉండండి, దిగడం మీదే ఎక్కువ శ్రద్ధ పెట్టండి, రెండు చేతికర్రలు వెంట ఉంచుకోండి. దివ్యదేశానికి చేరామన్న ఆనందంలో ఆ సాయంత్రమే 108 ధారల కింద స్నానం చేస్తామని పట్టుపట్టవద్దు. ఆ నీళ్లు మంచులా ఉంటాయి, మర్నాడు ఎండ వచ్చాక వెళ్లండి.

అక్టోబరులో సాధారణంగా ఆకాశం తేటగా ఉంటుంది. అయినా అది మన బంగాళాఖాతంలో తుఫానుల కాలం కూడా. 2014 అక్టోబరు 12న విశాఖను కకావికలు చేసిన హుద్‌హుద్ బలహీనపడి ఉత్తరానికి సాగి, 14వ తేదీన ఇదే కనుమ మీద భారీగా మంచు కురిపించింది. ఆ ప్రాంతంలో 40 మందికి పైగా మరణించారు. అందువల్ల కోస్తాకు తుఫాను హెచ్చరిక ఉందని తెలిస్తే మనాంగ్ దాటకండి. ఆగడానికి వీలుగా పై ఎనిమిది రోజులకు అదనంగా రెండు రోజులు చేతిలో ఉంచుకొని తిరుగు టికెట్లు తీసుకోండి. ఇందుకు ఏజెంటు ఒప్పుకోకపోతే, కొత్త ఏజెంటును వెదుక్కోండి.