కష్టాలు చూసిన కోచ్ ధైర్యాన్ని వేరేలా నేర్పుతాడా?

నేర్పుతాడనే నా అభిప్రాయం. నాకు వెంటనే గుర్తొచ్చేది బ్యాడ్మింటన్ కోచ్ పుల్లెల గోపీచంద్.

1994లో పుణె జాతీయ క్రీడల్లో డబుల్స్ ఆడుతుండగా ఆయన మోకాలి లిగమెంట్ తెగింది. ఆపరేషన్లు, నెలల తరబడి వ్యాయామాలు. మళ్లీ కోర్టులోకి వచ్చి 2001లో ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ టైటిల్ గెలిచారు. గచ్చిబౌలిలో అకాడమీ కట్టడానికి డబ్బు చాలక సొంత ఇల్లు తాకట్టు పెట్టారు. (మనలో చాలామందికి ఈఎంఐ అంటేనే టెన్షన్.)

ఇలాంటి మనిషి ‘భయపడకు’ అని చెప్పి ఊరుకోడు. ఆయన దగ్గర శిక్షణ పొందిన పి.వి. సింధు సంగతే చూడండి. చిన్నప్పుడు కోర్టులో నోరు విప్పేది కాదు. ఒకరోజు అందరి ముందూ కోర్టు మధ్యలో నిలబెట్టి గట్టిగా అరవమన్నారు, అరిచేదాకా రాకెట్ ముట్టుకోవద్దన్నారు. ఆ అమ్మాయి ఏడ్చింది, కానీ చివరికి అరిచింది. 2016 రియో ఒలింపిక్స్‌లో ఆ కేకలు టీవీలో మనమంతా విన్నాం.

మోకాలు బాగుచేసుకునేటప్పుడు రోజుకి కాస్త కాస్తగానే వంచగలం. ధైర్యాన్ని కూడా ఆయన అలాగే చూస్తారనిపిస్తుంది: పుట్టుకతో వచ్చే గుణంలా కాదు, రోజూ చేయించాల్సిన కసరత్తులా.

అయితే కష్టపడ్డ ప్రతివాళ్లూ మంచి కోచ్‌లవుతారని కాదు. ‘నేను పడ్డాను, నువ్వూ పడు’ అనే రకమూ ఉంటారు. వాళ్ల దగ్గర పిల్లలు నేర్చుకునేది భయమే.