విత్తన ఆలుగడ్డ: నిల్వ బలం చేలోనే రావాలి

ప్రశ్న: హైదరాబాద్‌లో ఉంటూ జహీరాబాద్ దగ్గర ఎర్ర నేలలో ఆలుగడ్డ సాగు చేస్తున్నాం. విత్తనానికని కోల్డ్ స్టోరేజీలో పెట్టిన గడ్డల్లో పావు వంతు కుళ్లిపోయాయి. ఎరువుల్లో ఏం మార్చుకోవాలి?

జవాబు: ముందుగా యూరియా ఎంత వేశారో, ఎప్పుడు వేశారో చూసుకోండి. యూరియాలోని నత్రజని ఎక్కువైనా, ఆలస్యంగా వేసినా తీగ పెరుగుతూనే ఉంటుంది, గడ్డ ముదరదు. పలచటి తొక్క తవ్వేటప్పుడే ఊడుతుంది. ఆ గాయాల్లోంచే మెత్తకుళ్లు బ్యాక్టీరియా లోపలికి పోతుంది. విత్తన పంటకు ఇంకో నష్టం కూడా ఉంది. ఆకు మరీ ముదురు పచ్చగా ఉంటే వైరస్ మచ్చలు బయటపడవు, పీకేయాల్సిన మొక్క చేలోనే మిగిలిపోతుంది.

ఎకరాకు బాగా చివికిన పశువుల ఎరువు 8 నుంచి 10 టన్నులు దుక్కిలో వేయండి. పచ్చి ఎరువు వద్దు. నాటేటప్పుడు డీఏపీ ఒక బస్తా, యూరియా అర బస్తా, మ్యూరేట్ ఆఫ్ పొటాష్ ఒక బస్తా వేసి, ఎరువు విత్తన గడ్డకు నేరుగా తగలకుండా మట్టి కప్పాలి. తగిలితే మొలక మాడుతుంది. 25–30 రోజులకు మట్టి ఎగదోసేటప్పుడు యూరియా ఒక బస్తా, సల్ఫేట్ ఆఫ్ పొటాష్ 25 కిలోలు వేయండి. అన్నీ కలిపితే నత్రజని 40, భాస్వరం 23, పొటాష్ 42 కిలోల చొప్పున అందుతాయి. భూసార పరీక్ష చేయించి ఉంటే దాన్నిబట్టి సవరించుకోండి. ఆ తర్వాత మాత్రం చేను లేతగా కనిపించినా యూరియా జోలికి పోవద్దు. పొటాష్ తగ్గించొద్దు. అది తక్కువైన గడ్డకు దెబ్బ తగిలితే లోపల త్వరగా నల్లబడుతుంది.

ప్రశ్న: నిల్వ కోసం ఆకుల మీద కాల్షియం కొట్టమంటున్నారు. పనిచేస్తుందా?

జవాబు: గడ్డకు దాదాపు చేరదు. కాల్షియం నీటితో పాటు వేరు నుంచి ఆకుకు ఎక్కుతుందే గానీ, ఆకు నుంచి కిందికి దిగదు. గడ్డ దగ్గరుండే సన్న వేర్లే దాన్ని అందిస్తాయి. అందుకే మట్టి ఎగదోసే ముందు ఎకరాకు 200 కిలోల జిప్సం బోదె మీదే పడేలా చల్లండి. జిప్సం బదులు సున్నం వేయొద్దు, నేల ఉదజని సూచిక (పీహెచ్) పెరిగి గడ్డపై గజ్జి మచ్చలు వస్తాయి.

ప్రశ్న: తీగ ఎప్పుడు కోయాలి? లాభం ఎక్కడ మిగులుతుంది?

జవాబు: కోతకు వారం, పది రోజుల ముందు నీరు ఆపి, 70–75 రోజులకు తీగను నేల మట్టానికి కోయండి. 100 ఆకుల్లో వైరస్‌ను మోసే పేనుబంక పురుగులు 20కి చేరేలా ఉంటే అంతకన్నా ముందే కోసేయాలి. మరో 10–15 రోజులు గడ్డను నేలలోనే ఉంచి, బొటనవేలితో గట్టిగా రుద్ది చూడండి. తొక్క కదలకపోతేనే తవ్వాలి. తర్వాత నీడలో కుప్ప పోసి 10–15 రోజులు ఆరనిచ్చి, కోతపడ్డవి, మెత్తబడ్డవి ఏరేయండి.

25 నుంచి 125 గ్రాముల గడ్డలే విత్తనానికి ఉంచుకుని, అంతకన్నా పెద్దవి వెంటనే బోయిన్‌పల్లి మార్కెట్‌కు పంపండి. వాటికి కోల్డ్ స్టోరేజీ అద్దె కట్టడం దండగ. నల్లపొక్కు తెగులు ఉంటే కడిగిన విత్తనాన్ని 3 శాతం బోరిక్ యాసిడ్ నీటిలో 30 నిమిషాలు ముంచి, పూర్తిగా ఆరబెట్టాకే సంచుల్లోకి ఎత్తండి. తడి మిగిలితే కుళ్లు తప్పదు. నిల్వ 2–4 డిగ్రీల్లో ఉండాలి. తినే ఆలుగడ్డల కోసం మొలకలు రాకుండా మందు పొగ పెట్టే గది ఇస్తామంటే ఒప్పుకోవద్దు, ఆ గదిలో పెట్టిన గడ్డ విత్తనానికి పనికిరాదు.