శుక్లం ఆపరేషన్ తర్వాత రెటీనా స్కాన్‌లో అంకెలు మారితే భయపడాలా?

మీ నాన్నగారికి కళ్లద్దాల పవర్ మైనస్ 11 అనీ, శుక్లం ఆపరేషన్ తర్వాతి స్కాన్‌లో రెటీనా (కంటి వెనక పొర) రక్తప్రసరణ పెరిగినట్టు వచ్చిందనీ రాశారు. మాది పర్లాకిమిడి. మా అమ్మకి మైనస్ 13, పెళ్లినాటికే సోడాబుడ్డి అద్దాలు. ఆపరేషన్‌కి ముందు, తర్వాత తీసిన స్కాన్ కాగితాలు రెండూ పక్కపక్కన పెట్టుకుని మేమూ టెన్షన్ పడ్డాం.

విశాఖలో రెటీనా డాక్టరుగారు విడమరిచి చెప్పారు. ఆ స్కాన్ పేరు ఓసీటీ యాంజియోగ్రఫీ, అందులో ఇంజెక్షన్ ఉండదు, వెలుతురుతోనే రక్తనాళాల బొమ్మ తీస్తుంది. శుక్లం అడ్డుంటే మసక అద్దంలోంచి తీసిన ఫోటోలా సన్న నాళాలు పడవు. శుక్లం తీసేశాక అవే నాళాలు కనిపించి అంకె పెరుగుతుంది. ఆపరేషన్ తర్వాత కంటి ప్రెషర్ కాస్త తగ్గడం, లోపలి వాపు వల్ల కూడా కొంత తేడా రావచ్చు. పైగా మైనస్ ఎక్కువున్న కన్ను పొడుగ్గా ఉంటుంది. మామూలు కన్ను 24 మిల్లీమీటర్లకి అటూ ఇటూ అయితే వీళ్లది 26 దాటుతుంది. రెటీనా సాగి పలచబడి, నాళాలు మొదటి నుంచే పలచగా ఉంటాయి. అందుకని మిషన్‌లోని నార్మల్‌తో పోల్చకండి. కన్ను మానాక తీసిన స్కాన్‌నే ఇకమీద లెక్కగా పెట్టుకోండి.

నాకు అంతకంటే భయం వేసింది వేరే విషయంలో. ఆపరేషన్ అయిన మూడో వారం ఓ సాయంత్రం దీపం పెట్టి కళ్లు మూసుకుంటే, పక్కన మెరుపుతీగలా వెలుగుతోందంది అమ్మ. ఆపరేషన్ చేసినచోట ఇచ్చిన చీటీలో నొప్పి, ఎరుపు గురించే ఉంది, మెరుపుల మాటే లేదు. హై మైనస్ మనిషికి అది చెప్పకపోవడం తప్పే, ఇప్పటికీ నాకు కోపం. మర్నాడే గుణుపురం ప్యాసింజర్‌లో విశాఖ తీసుకెళ్లాం. కంట్లో మందుచుక్కలు వేసి చూస్తే రెటీనా అంచున చిరుగు. అదే రోజు లేజర్ చేశారు, నిలబడింది. ఆలస్యమైతే రెటీనా ఊడివచ్చేదట.

మెరుపులు, ఒక్కసారిగా నల్లచుక్కలు, ఓ పక్క తెర దిగినట్టు నీడ: వీటిలో ఏది కనిపించినా ఆ రోజే రెటీనా డాక్టరుకి చూపించండి. మీ రాయగడ నుంచి విశాఖకి నేరుగా రైళ్లున్నాయి. మందుచుక్కలు వేశాక కొన్ని గంటలు చూపు మసకగా ఉంటుంది, పెద్దాయన్ని ఒంటరిగా పంపకండి. రెండో కన్ను చేయించేముందు రెటీనా అంచుల దాకా చూడమని మీరే అడగండి, మేం అలాగే చేశాం.