ఫాల్స్ అంటే అబద్ధమేనా?

సందేహం: మాస్టారూ, నమస్కారం. అమలాపురంలో డిగ్రీ పిల్లలకు ప్రోగ్రామింగ్ చెబుతున్నాను. చాలామంది తెలుగు మీడియంలో చదివి వచ్చినవాళ్ళే. వాళ్ళకు కాన్‌స్టంట్‌ను, అంటే ప్రోగ్రాములో పేరు పెట్టుకున్న మారని విలువను, స్థిరాంకం అని చెప్పాలా, స్థిరరాశి అని చెప్పాలా? ట్రూ, ఫాల్స్‌లను నిజం, అబద్ధం అంటే సరిపోతుందా? ఈ రెండు విలువలే ఉండే బూలియన్‌కు తెలుగు మాట ఉందా?

సమాధానం: రెండో ప్రశ్నతో మొదలుపెడతానమ్మా, అసలు చిక్కు అక్కడుంది.

వేసవిలో కాలువలు కట్టేశాక మన ఊళ్ళలో ఎవరు ఎదురైనా అడిగేది ఒకటే: "నీళ్ళు వదిలారా?" వదలకపోతే "లేదండీ" అంటాం. "వదిలారంట కదా" అన్నవాడితో "అబద్ధం" అన్నామనుకోండి, అతని మీద నింద వేసినట్టే. సంస్కృతంలో కట్టుబడనిది, పొంతన లేనిది అనే అర్థమున్న ఈ మాట తెలుగులో బొంకు అయిపోయింది. బొంకాలంటే మనిషి ఉండాలి. కంప్యూటర్ ఎవరినీ మోసం చేయడం లేదు, అడిగిన సంగతి అలా లేదని మాత్రమే చెబుతోంది. అందుకే ఫాల్స్‌కు అబద్ధం నాకు నచ్చదు. ఒప్పు, తప్పు కూడా వద్దు. కోడ్‌లో తప్పు అనగానే పిల్లలు ఎర్రర్ అనుకుని టెన్షన్ పడతారు. లెక్కల్లో సత్యపట్టికలు ఉన్నాయి కాబట్టి, రాతలో సత్యం, అసత్యం ఉంచండి.

నోటితో చెప్పేటప్పుడు ఇంకో సంగతి చూడాలి. ఇంగ్లీషుకు ఫాల్స్ ఒక్కటే. మనకు రెండున్నాయి: కాదు, లేదు. "ఈ కొలత ధవళేశ్వరానిదేనా?" అంటే "కాదు". "గేటు ఎత్తి ఉందా?" అంటే "లేదు". ఏది రావాలో ప్రశ్నే తేలుస్తుంది. కాబట్టి బూలియన్‌కు పెట్టే పేరు ప్రశ్నలా ఉండాలని చెప్పండి. పైథాన్ 3 అనే ప్రోగ్రామింగ్ భాషలో తెలుగు అక్షరాలతోనే పేర్లు పెట్టవచ్చు కదా, గేటు_ఎత్తి_ఉందా అని రాస్తే విలువ ఏమిటో చదివినవాడి నోటికి దానంతటదే వస్తుంది.

గేటు_ఎత్తలేదా అని మాత్రం రాయనివ్వకండి. "ఎత్తలేదా?" అని అడిగితే మనం "అవును, ఎత్తలేదు" అంటాం. అదే చోట ఇంగ్లీషువాళ్ళు "నో" అంటారు. ఇక ఆ పేరు ముందు, సత్యాన్ని అసత్యంగా తిరగేసే నాట్ ఒకటి కూడా చేరితే, రాసినవాడికే వారం తర్వాత అర్థం కాదు. ఈ చిక్కు తెలుగు పిల్లలకు ఇంకా ఎక్కువ, ఎందుకంటే వాళ్ళు ఆలోచించే భాషకూ కోడ్ భాషకూ ఇక్కడ పొత్తు కుదరదు.

బూలియన్‌ను బూలియన్ అనే అనండి. అది జార్జ్ బూల్ పేరు మీద వచ్చింది. తర్కాన్ని బీజగణితంలా రాయవచ్చని ఆయన తన మొదటి పుస్తకం వేసింది 1847లో. ధవళేశ్వరంలో కాటన్ ఆనకట్ట పని మొదలైందీ ఆ ఏడే. మనిషి పేరును అనువదించం కదా.

ఇక కాన్‌స్టంట్. ధవళేశ్వరం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక 11.75 అడుగులు, రెండోది 13.75, మూడోది 17.75. వరద రోజుల్లో గంటగంటకూ మారే నీటిమట్టం చరరాశి. ఈ మూడూ మారనివి. లంకల్లో వాళ్ళు "రెండో హెచ్చరిక ఇచ్చేశారు, సామాను సర్దండి" అంటారే గానీ 13.75 అనరు. అంకెకు పేరు పెట్టి ఆ పేరుతోనే పని జరుపుకోవడం వాళ్ళకు ఎప్పుడో తెలుసు. మీ పాఠానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. కోడ్‌లో పదిచోట్ల 13.75 అని రాసుకుంటే, అందులో ఏది హెచ్చరికో, ఏది వేరే లెక్కలో వచ్చిన 13.75యో ఎవరు చెప్పగలరు?

మాట విషయంలో నా ఓటు స్థిరరాశికే. అంకం అంటే అంకె. కాన్‌స్టంట్‌లో అంకే ఉండాలని లేదు, ఊరి పేరు ఉండవచ్చు, సత్యం అనే విలువ కూడా ఉండవచ్చు. రాశి అంటే కళ్ళంలో పోసే ధాన్యం రాశి కూడా, దాని అర్థం విశాలం. పైగా చరరాశికి జోడీ కుదురుతుంది. భౌతికశాస్త్రంలో ప్లాంక్ స్థిరాంకాన్ని అలాగే ఉండనివ్వండి, అక్కడ అది అంకె గురించే.

పేరులో అంకెను ఇరికించవద్దని కూడా చెప్పండి. మట్టం_13_75 అని పెట్టి, రేపు విలువను మారిస్తే ఆ పేరు అబద్ధమవుతుంది. అక్కడ ఆ మాట సరిగ్గా సరిపోతుందమ్మా, ఎందుకంటే ఆ పేరు పెట్టింది మనిషి.